ల్యాప్‌టాప్‌తో విదేశానికి: ఏ వీసా ఎవరికి సరిపోతుంది?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయరుపేటలోనో మేడమీద గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేసే యువతీయువకులు కోవిడ్ తర్వాత బాగా పెరిగారు. ఇక్కడి నుంచి చేయగలిగిన పనిని బ్యాంకాక్ నుంచో, దుబాయ్ నుంచో ఎందుకు చేయకూడదన్న ప్రశ్న వారిలో చాలామందికి వస్తోంది. దానికి సమాధానంగా ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలు సాధారణంగా సముద్రతీరాల అందంతో మొదలై అద్దెల దగ్గర ముగుస్తాయి. నిజానికి ఎంపికను నిర్ణయించేవి అవి కావు. మీ జీతం ఎవరు ఇస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, మీరు ఎన్ని రోజులు ఉండదలచుకున్నారు, మీతో ఎవరు వస్తున్నారు అన్న నాలుగు విషయాలు తేలిస్తే నలభై దేశాల జాబితా నాలుగైదుకు తగ్గిపోతుంది. ఆ నాలుగైదింటిలో ఏది ఎవరికి మేలు అన్నదే ఈ వ్యాసం. రూపాయల్లో చెప్పిన లెక్కలన్నింటికీ డాలరును 88 రూపాయలుగా, యూరోను 100 రూపాయలుగా, థాయ్ బాత్‌ను 2.70 రూపాయలుగా తీసుకున్నాను. దరఖాస్తు చేసే నాటి రేటును, ఆయా ప్రభుత్వాల అధికారిక పోర్టల్‌లో అప్పటికి ఉన్న నిబంధనను మీరు సరిచూసుకోవాలి.

పర్యాటక వీసాతో పని చేయవచ్చా?

అందరూ మొదట అడిగేది ఇదే. థాయ్‌లాండ్, మలేషియాలు ఇటీవలి సంవత్సరాల్లో భారతీయ పర్యాటకులకు వీసా లేకుండానే ప్రవేశం కల్పించడంతో, వెళ్లి హోటల్ గదిలో ల్యాప్‌టాప్ తెరిస్తే ఎవరికి తెలుస్తుందన్న ధీమా పెరిగింది. ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. అయితే పర్యాటకుడిగా ప్రవేశించినవాడికి పని చేసే హక్కు లేదన్నది చాలా దేశాల మూల నియమం. జీతం ఇండియా నుంచి వస్తున్నా, పని చేసే మనిషి తమ గడ్డపై ఉన్నాడు కాబట్టి ఆ నియమం అతడికీ వర్తిస్తుందని ఆ దేశాలు చెప్పగలవు. విమానాశ్రయంలో అధికారి అడిగిన ప్రశ్నకు ఒక అబద్ధం చెప్పాల్సి వచ్చే ప్రయాణం మంచిది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకసారి వెనక్కి పంపితే ఆ విషయాన్ని తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ రాయాల్సి వస్తుంది.

కొన్ని దేశాలు మాత్రం ఈ విషయాన్ని తేటతెల్లం చేశాయి. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి సందర్శకులు తమ స్వదేశపు ఉద్యోగాన్ని అక్కడి నుంచి చేసుకోవడానికి అనుమతిస్తోంది, కానీ ప్రయాణపు ముఖ్య ఉద్దేశం అది కాకూడదని షరతు పెట్టింది. అంటే లండన్‌లో ఉన్న అక్క ఇంటికి వెళ్లి, సెలవు చాలక రెండు వారాలు అక్కడి నుంచే లాగిన్ అయితే తప్పు లేదు. లండన్‌లో ఆరు నెలలు ఉండి ఉద్యోగం చేసుకోవడానికే సందర్శక వీసా అడిగితే కుదరదు. న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి సందర్శక వీసాపై విదేశీ యజమానికి పని చేయనిస్తోంది. 90 రోజులు దాటితే పన్ను సంగతి చూసుకోవాలని హెచ్చరిస్తోంది. కెనడా కూడా విదేశీ కంపెనీకి పని చేసేవారు సందర్శకులుగా ఒక్కో విడతలో ఆరు నెలల వరకు ఉండవచ్చని అధికారికంగానే చెబుతోంది. అమెరికా సందర్శక వీసాలో ఇంత స్పష్టమైన అనుమతి లేదు, రిమోట్ ఉద్యోగులకంటూ ప్రత్యేక వీసా కూడా ఆ దేశంలో లేదు. డల్లాస్‌లో అన్న ఇంట్లో కూర్చుని పని చేసుకుంటానని కాన్సులేట్‌లో చెప్పడం వీసాను పోగొట్టుకునే మార్గమే.

వీసా కంటే ముందు కంపెనీ

భారతీయ కంపెనీలో జీతం తీసుకునేవారు వీసా ఫీజు కట్టకముందే హెచ్‌ఆర్ విభాగం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. ఇంటి నుంచి పని చేయవచ్చన్న అనుమతి దేశం దాటి పని చేయవచ్చన్న అనుమతి కాదు. ఉద్యోగి మరో దేశంలో నెలల తరబడి పని చేస్తే, అక్కడ ఆ కంపెనీకి వ్యాపార స్థానం ఏర్పడిందని ఆ దేశపు పన్ను శాఖ వాదించే ప్రమాదం ఉంటుంది. కంపెనీలు భయపడేది దానికే. బ్యాంకింగ్, ఆరోగ్య రంగాల ప్రాజెక్టుల్లో క్లయింట్ డేటా దేశం దాటకూడదన్న షరతు కాంట్రాక్టులోనే ఉంటుంది. కంపెనీ ల్యాప్‌టాప్ ఏ దేశపు నెట్‌వర్క్ నుంచి లాగిన్ అయిందో ఐటీ విభాగానికి తెలిసిపోతుంది కాబట్టి, చెప్పకుండా వెళ్లి చూద్దామన్న ఆలోచన మొదటి సోమవారం ఉదయమే బయటపడవచ్చు.

పైగా దాదాపు ప్రతి రిమోట్ వీసాకూ, ఈ ఉద్యోగి మా సంస్థలో పని చేస్తున్నాడు, విదేశం నుంచి పని చేయడానికి మాకు అభ్యంతరం లేదు అన్న లేఖ అవసరమవుతుంది. ఆ లేఖ ఇవ్వని కంపెనీలో ఉన్నవారు ఈ వ్యాసంలోని మిగతా భాగాన్ని ఉద్యోగం మారేటప్పుడు చదువుకోవచ్చు.

అమెరికా లేదా యూరప్ కంపెనీకి కాంట్రాక్టరుగా పని చేసి డాలర్లలో తీసుకునేవారికి, సొంతంగా క్లయింట్లను చూసుకునే ఫ్రీలాన్సర్లకు ఈ ఇబ్బంది తక్కువ. వారికి వేరే చిక్కు ఉంది: జీతం స్లిప్పు ఉండదు. కాంట్రాక్టులు, ఇన్వాయిస్‌లు, బ్యాంకులో విదేశీ డబ్బు జమ అయినట్టు చూపే పత్రాలు, గత సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నులు కలిపి ఆదాయాన్ని రుజువు చేయాలి. రిటర్నులో తక్కువ చూపించి బ్యాంకులో ఎక్కువ తీసుకునే అలవాటు ఉన్నవారికి ఈ దశలోనే దరఖాస్తు ఆగిపోతుంది.

ఆదాయం గీసే గీత

ఇప్పుడు అసలు పోలికకు వద్దాం. నెలకు సుమారు 1,32,000 రూపాయలు వచ్చేవారికి మారిషస్ అందుతుంది, ఎందుకంటే అది అడిగేది నెలకు 1,500 డాలర్లు. సాంకేతిక రంగంలో ఉండి సంవత్సరానికి సుమారు 21 లక్షలు వచ్చేవారికి మలేషియా అందుతుంది. ఆ దేశపు గీత 24,000 డాలర్లు. నెలకు మూడు లక్షలు దాటినవారికి దుబాయ్ తలుపు తెరుచుకుంటుంది, అక్కడ 3,500 డాలర్లు చూపాలి. మూడున్నర లక్షలు దాటాక పోర్చుగల్ మొదలవుతుంది. ఇండోనేషియా బాలిలో ఉండడానికి ఇచ్చే సంవత్సరపు రిమోట్ వీసాకు సంవత్సరానికి 60,000 డాలర్లు, అంటే సుమారు 52.8 లక్షల రూపాయలు కావాలి. థాయ్‌లాండ్ ఒక్కటే ఈ వరుసలో ఇమడదు: అది నెల ఆదాయానికి గీత గీయకుండా, ఖాతాలో 5 లక్షల బాత్‌లు, అంటే సుమారు 13.5 లక్షల రూపాయలు ఉన్నాయా అని చూస్తుంది.

ఈ వరుసను చూస్తే, సంవత్సరానికి 12 నుంచి 20 లక్షల జీతంలో ఉన్న మన జిల్లాల ఐటీ ఉద్యోగికి వాస్తవంగా మిగిలేవి థాయ్‌లాండ్, మారిషస్ మాత్రమేనని, వాటిలో మారిషస్ కూడా సంవత్సరానికి 16 లక్షలకు దగ్గరపడినవారికేనని అర్థమవుతుంది. యూరప్ వీడియోలు చూసి సమయం వృథా చేసుకునేవారికి ఈ ఒక్క లెక్క చాలు.

జపాన్ 2024 మార్చి చివర్లో ఆరు నెలల డిజిటల్ నోమాడ్ (దేశాలు తిరుగుతూ రిమోట్‌గా పని చేసేవారి) వీసా తెచ్చింది, సంవత్సరానికి కోటి యెన్‌లు అడుగుతోంది. కానీ ఎంత సంపాదిస్తున్నా అర్హత ఉన్న దేశాల జాబితాలో భారత్ లేదు. కాబట్టి ఏ వీసా గురించి విన్నా మొదట పాస్‌పోర్టు ఏ దేశానిదై ఉండాలో చూడాలి, తర్వాతే ఫీజు సంగతి. దక్షిణ కొరియా 2024 జనవరిలో తెచ్చిన వర్కేషన్ వీసా ఆ దేశపు తలసరి ఆదాయానికి రెట్టింపు అడుగుతుంది కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ అన్నది వీసానే కాదు: ఇంటర్నెట్ ద్వారా అక్కడ కంపెనీ నడుపుకోవడానికి ఇచ్చే డిజిటల్ గుర్తింపు కార్డు మాత్రమే, దానితో ఆ దేశంలో ఒక్క రోజు ఉండే హక్కు కూడా రాదు.

థాయ్‌లాండ్

2024 జూలైలో ప్రవేశపెట్టిన డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, అందరూ డీటీవీ అని పిలిచేది, ఐదేళ్లు చెల్లుతుంది. ప్రవేశించిన ప్రతిసారీ 180 రోజుల వరకు ఉండవచ్చు. వయసు 20 నిండి ఉండాలి. ఫీజు 10,000 బాత్‌ల స్థాయిలో ఉంటుంది. ఉద్యోగులకూ ఫ్రీలాన్సర్లకూ ఇద్దరికీ ఇస్తారు. దరఖాస్తు థాయ్ ప్రభుత్వ ఈ-వీసా పోర్టల్‌లో, థాయ్‌లాండ్ బయట ఉన్నప్పుడే చేయాలి. చెన్నైలో థాయ్ కాన్సులేట్ ఉండడం, చెన్నై నుంచి బ్యాంకాక్ దాదాపు మూడున్నర గంటల ప్రయాణమే కావడం నెల్లూరు, గూడూరు వైపు వారికి అనుకూలం.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఆ ఐదు లక్షల బాత్‌ల దగ్గరే. ఊళ్లో తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, లేదా చీటీ పాడుకుని, ఖాతాలో పది రోజులు ఉంచి స్టేట్‌మెంట్ తీసుకోవడం మన దగ్గర విద్యార్థి వీసాల కాలం నుంచి ఉన్న పద్ధతి. నెలల తరబడి 40 వేలు దాటని నిల్వ ఒక్కసారిగా 14 లక్షలకు ఎగబాకితే ఆ డబ్బు ఎక్కడిదో చెప్పమని అధికారి అడగవచ్చు, సమాధానం నచ్చకపోతే తిరస్కరించవచ్చు, కట్టిన ఫీజు తిరిగి రాదు. మీ సొంత పొదుపును కొన్ని నెలల ముందే ఒకే ఖాతాలోకి తెచ్చి, నిలకడగా ఉంచి, అప్పుడు దరఖాస్తు చేయడం మంచిది.

ఈ వీసాతో థాయ్ కంపెనీకి గానీ థాయ్ క్లయింట్‌కు గానీ పని చేయకూడదు. 90 రోజులకు మించి ఏకధాటిగా ఉంటే ఇమిగ్రేషన్ శాఖకు చిరునామా తెలియజేయాలి. భార్య లేదా భర్త, 20 ఏళ్ల లోపు పిల్లలు వెంట రావచ్చు, కానీ ఒక్కొక్కరికీ వేరు దరఖాస్తు, వేరు ఫీజు. పిల్లల చదువును అక్కడికి మార్చేంత స్థిరత్వం ఈ వీసాలో లేదు. ఒంటరిగానో, ఇంకా పిల్లలు లేని జంటగానో ఆరు నెలలు ఉండి రావాలనుకునేవారికి దీనిని మించినది ప్రస్తుతం లేదన్నది నా నిర్ణయం.

దుబాయ్

నెల్లూరు జిల్లాకు గల్ఫ్ కొత్త కాదు. కువైట్, దుబాయ్‌లలో బంధువు లేని కుటుంబం కొన్ని మండలాల్లో అరుదు. యూఏఈ ఇచ్చే రిమోట్ వర్క్ వీసా మాత్రం ఆ పాత దారి కంటే పూర్తిగా భిన్నమైనది: అక్కడి కఫీల్, అంటే స్థానిక స్పాన్సర్, ఎవరూ ఉండరు, మీ యజమాని మరో దేశంలోనే ఉంటాడు. సంవత్సరం చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. నెలకు 3,500 డాలర్ల ఆదాయం, ఉద్యోగపు కాంట్రాక్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అక్కడ చెల్లే ఆరోగ్య బీమా చూపాలి. ఎమిరేట్స్ ఐడీ వస్తుంది, దానితో ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవవచ్చు, పిల్లలను బడిలో చేర్చవచ్చు, కుటుంబాన్ని స్పాన్సర్ చేయవచ్చు. వ్యక్తిగత ఆదాయంపై పన్ను లేదు. కుటుంబంతో వెళ్లేవారికి ఇంతకంటే గట్టి హోదా ఈ జాబితాలో మరొకటి కనిపించదు. ఖర్చు కూడా అంతే గట్టిగా ఉంటుంది, అద్దె, బడి ఫీజు కలిపితే మూడు లక్షల జీతం చాలా త్వరగా కరిగిపోతుంది.

రెండు చిన్న విషయాలు ఎవరూ ముందుగా చెప్పరు. మొదటిది, యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. కావలిలో ఉన్న అమ్మ ప్రతి రాత్రి వీడియో కాల్ చేసే అలవాటున్నవారు ఆమె ఫోన్‌లో బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ను వేసి, వాడడం నేర్పించి వెళ్లాలి. ఆఫీసు సమావేశాలకు టీమ్స్, జూమ్ పనిచేస్తాయి. కంపెనీ ఇచ్చిన వీపీఎన్‌ను కంపెనీ పనికి వాడుకోవడం వేరు, అడ్డగించిన సేవలను దొంగచాటుగా వాడడానికి వీపీఎన్ పెట్టుకోవడం వేరు. రెండోది అక్కడ నేరం కిందికి వస్తుంది.

రెండో చిన్న విషయం పేరు. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, వై.వెంకటేశ్వర్లు అన్నట్టుగా ఉంటుంది; పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పదంగా పేరున్నవారికి సందర్శక వీసాపై ప్రవేశాన్ని యూఏఈ 2022 నవంబరు నుంచి నిలిపివేసింది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ఏ దేశానికి వెళ్లదలచినా ముందు పాస్‌పోర్టును సరిచేయించుకోవడం మేలు, డిగ్రీ పట్టాలో, ఆధార్‌లో, పాన్‌లో అదే స్పెల్లింగ్ ఉండేలా చూసుకోవడం ఇంకా మేలు.

మలేషియా, మారిషస్

మలేషియా ప్రభుత్వ డిజిటల్ సంస్థ ఎండీఈసీ 2022 అక్టోబరులో మొదలుపెట్టిన డీఈ రాంటావ్ పాస్ మూడు నుంచి పన్నెండు నెలలకు ఇస్తారు, మరో పన్నెండు నెలలు పొడిగించుకోవచ్చు. మొదట సాంకేతిక రంగం వారికే పరిమితమైన దీన్ని తర్వాత ఇతర వృత్తులకూ విస్తరించారు, కానీ వారి ఆదాయపు గీత 60,000 డాలర్లు. అంటే అదే జీతం తీసుకునే ఇద్దరిలో ప్రోగ్రామర్‌కు దొరికే పాస్ అకౌంటెంట్‌కు దొరకదు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన దేశం, చెన్నై నుంచి నాలుగు గంటల ప్రయాణం, ఇంగ్లిషుతో రోజు గడిచిపోతుంది. సంవత్సరం పొడవునా ఒకేచోట ఉండదలచిన ఐటీ ఉద్యోగికి థాయ్‌లాండ్ కంటే మలేషియానే మెరుగు.

అయితే క్లయింట్ అమెరికా వాడైతే గడియారం చూడాలి. శీతాకాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9 అయినప్పుడు నెల్లూరులో రాత్రి 7:30. అదే కౌలాలంపూర్‌లో రాత్రి 10 గంటలు. దుబాయ్‌లోనూ మారిషస్‌లోనూ సాయంత్రం 6, లిస్బన్‌లో మధ్యాహ్నం 2. ఇప్పటికే అర్ధరాత్రి దాకా కాల్స్‌లో ఉండేవారు తూర్పుకు వెళితే తెల్లవారుతుంది.

మారిషస్ ప్రీమియం వీసా 2020 నవంబరులో వచ్చింది. సంవత్సరం చెల్లుతుంది, పొడిగింపు ఉంది. ఆదాయం వచ్చే చోటు మారిషస్ బయట ఉండాలి, అక్కడి ఉద్యోగ మార్కెట్‌లోకి దిగకూడదు. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే విదేశం ఇదొక్కటే నాకు తెలిసి. ఇందులో లోటు దూరమే: ఇంట్లో ఏదైనా అత్యవసరమైతే దుబాయ్ నుంచో, బ్యాంకాక్ నుంచో రాత్రికి రాత్రి చెన్నైలో దిగినట్టు అక్కడి నుంచి దిగలేరు. వయసు మళ్లిన తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్నవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

యూరప్

పోర్చుగల్ డీ8 వీసా 2022 అక్టోబరు చివర్లో మొదలైంది. ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్లు ఆదాయం ఉండాలి; 2025లో కనీస వేతనం 870 యూరోలు, కాబట్టి అప్పటి గీత 3,480 యూరోలు, ప్రతి జనవరిలో అది పెరుగుతూ ఉంటుంది. మొదట నాలుగు నెలల ప్రవేశ వీసా ఇచ్చి, అక్కడికి వెళ్లాక నివాస అనుమతి ఇస్తారు. ఆ రెండో దశలో అపాయింట్‌మెంట్ల ఆలస్యం పేరు మోసింది. కొత్తవారిని ఊరించిన పాత పన్ను రాయితీ పథకం 2024 నుంచి కొత్త దరఖాస్తుదారులకు లేదు, కాబట్టి పాత వీడియోల్లో చెప్పే పన్ను లెక్కలను నమ్మవద్దు.

స్పెయిన్ 2022 డిసెంబరు నాటి స్టార్టప్ చట్టం కింద ఇచ్చే వీసాకు కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం చాలు, అంటే పోర్చుగల్ కంటే తక్కువ. కానీ సామాజిక భద్రతకు సంబంధించిన పత్రం అడుగుతుంది. భారతీయ కంపెనీ నుంచి దాన్ని సంపాదించడమే అసలు పరీక్ష. క్రొయేషియా నెలకు మూడు వేల యూరోలకు పైగా అడిగి, గరిష్ఠంగా 18 నెలలు ఉండనిచ్చి, ఆ రిమోట్ ఆదాయంపై తాను పన్ను వేయదు. తాత్కాలికంగా యూరప్ చూసి రావాలనుకునేవారికి క్రొయేషియా, అక్కడే ఉండిపోవాలన్న ఆలోచన ఉన్నవారికి పోర్చుగల్ సరిపోతాయి.

పన్ను: రోజుల లెక్క

వీసా దొరికితే పని అయిపోయిందనుకునేవారు ఇబ్బంది పడేది ఇక్కడే. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే సంవత్సరంలో భారత్‌లో 182 రోజులు ఉన్నవారు ఇక్కడ పన్ను నివాసులు, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా ఈ మౌలిక లెక్క మారలేదు. థాయ్‌లాండ్‌లోనైతే జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కించి 180 రోజులు ఉన్నవారు పన్ను నివాసులు; 2024 నుంచి ఆ నివాసులు దేశంలోకి తెచ్చుకునే విదేశీ ఆదాయంపైనా పన్ను వర్తిస్తుంది.

రెండు దేశాల సంవత్సరాలు వేరుగా ఉండడం కొన్నిసార్లు కలిసివస్తుంది. అక్టోబరు 1న బ్యాంకాక్ చేరి మార్చి 29న తిరిగి వచ్చేవాడిని తీసుకుందాం. మొత్తం 180 రోజులు. థాయ్ లెక్కలో మొదటి సంవత్సరంలో 92, రెండో సంవత్సరంలో 88 పడతాయి, ఏ సంవత్సరంలోనూ 180కి చేరవు. భారత్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకే 183 రోజులు ఉన్నాడు కాబట్టి ఇక్కడి నివాసిగానే మిగులుతాడు, కంపెనీ ఎప్పటిలాగే టీడీఎస్ కోసుకుంటుంది, పీఎఫ్ కడుతుంది. ఒక దేశపు నివాసి మరో దేశంలో 183 రోజుల లోపు పని చేసి, అక్కడి యజమాని నుంచి జీతం తీసుకోకపోతే అక్కడ పన్ను పడదన్నది భారత్ చేసుకున్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాల్లో సాధారణంగా ఉండే సూత్రం, కాబట్టి అతడికి రెండో పన్ను బెడద దాదాపు ఉండదు. అదే మనిషి ఫిబ్రవరిలో వెళ్లి ఆగస్టు దాటాక వస్తే థాయ్ లెక్క పూర్తిగా మారిపోతుంది. టికెట్ కొనే ముందు క్యాలెండర్‌పై ఈ లెక్క వేయడం అరగంట పని.

దుబాయ్ విషయంలో ప్రచారంలో ఉన్న భ్రమ మరొకటి: అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడా ఉండదని. సంవత్సరంలో సగానికి పైగా ఇక్కడే ఉండి వెళ్లినవాడు ఇక్కడి నివాసే. నివాసి కానివాడు కూడా భారత్‌లో మొదటగా అందుకున్న ఆదాయంపై ఇక్కడ పన్నుకు లోబడతాడు, అంటే బెంగళూరు కంపెనీ జీతం నెల్లూరు బ్యాంకు ఖాతాలో పడుతూ ఉంటే నేను దుబాయ్‌లో ఉన్నాను అన్న వాదన ఒక్కటే సరిపోదు. విదేశీ ఆదాయాన్ని మినహాయించి 15 లక్షలకు మించి ఆదాయం ఉండి, ఏ దేశంలోనూ పన్నుకు లోబడని భారత పౌరుడిని నివాసిగా భావించే నిబంధన కూడా 2020 ఆర్థిక చట్టం నుంచి ఉంది. ఈ అంశంలో వందల రూపాయలకు రిటర్నులు వేసే వ్యక్తి దగ్గరకు కాక, విదేశీ ఆదాయపు కేసులు చూసిన చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరకు వెళ్లాలి.

ఇక్కడి నివాసిగా ఉంటూనే విదేశంలో బ్యాంకు ఖాతా తెరిచినవారు దాన్ని రిటర్నులో చూపాలి. చిన్న నిల్వలకు మినహాయింపులు ఉన్నా, 2015 నల్లధనం చట్టం కింద చూపనందుకు 10 లక్షల జరిమానాకు అవకాశం ఉంది. ఎప్పుడు తిరిగి వస్తామో తెలియకుండా వెళ్లేవారు ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాల్సి ఉంటుంది. ఈ ఖాతాల విషయంలో ఎవరు నివాసి అని తేల్చే విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) లెక్క ఆదాయపు పన్ను లెక్కతో కలవదు, రెండూ వేరు.

కాగితాలు, మోసాలు

కుటుంబంతో వెళ్లేవారికి ఎక్కువగా అడ్డుపడేది పెళ్లి సర్టిఫికెట్. గుడిలోనో కల్యాణ మండపంలోనో ఘనంగా జరిగిన పెళ్లిని సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించనివారు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. అది లేకుండా భార్యకు ఆశ్రిత వీసా రాదు. యూరప్ దేశాలకైతే రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (హేగ్ ఒప్పందపు దేశాలు పరస్పరం అంగీకరించే ధ్రువీకరణ) చాలు, భారత్ 2005లో ఆ ఒప్పందంలో చేరింది. యూఏఈకి అపోస్టిల్ సరిపోదు. విదేశాంగ శాఖ తర్వాత వారి రాయబార కార్యాలయం, అక్కడికి వెళ్లాక వారి విదేశాంగ శాఖ కూడా ముద్ర వేయాలి. దీనికి వారాలు పడుతుంది కాబట్టి వీసా దరఖాస్తుకు ముందే మొదలుపెట్టాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా పోర్టల్ ద్వారానే వస్తుంది. కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా సాధారణంగా భారత్‌లో చికిత్సకే పరిమితం కాబట్టి విదేశీ బీమా వేరుగా కొనాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. మీకు ఇప్పటికే ఉన్న ఉద్యోగంతో వెళ్లడం ఒకటి; బ్యాంకాక్‌కు రండి, డేటా ఎంట్రీ ఉద్యోగం ఇస్తాం, టికెట్ మేమే పంపుతాం అన్నవారి వెంట వెళ్లడం వేరొకటి. ఇలాంటి మాటలు నమ్మి కంబోడియాలో సైబర్ మోసాల శిబిరాల్లో చిక్కుకున్న ఆంధ్ర యువకులు 2024 మేలో విశాఖపట్నం తిరిగొచ్చారు. మయన్మార్ సరిహద్దు శిబిరాలకూ దారి బ్యాంకాక్ మీదుగానే. నిజమైన రిమోట్ ఉద్యోగానికి మీరు ఫలానా దేశానికి వచ్చి తీరాలన్న షరతు ఉండదు. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటు పేరు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. అనుమానం ఉన్నప్పుడు ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని సంప్రదించవచ్చు.

ఇక నిర్ణయానికి వస్తే, భారతీయ కంపెనీలో 12 నుంచి 20 లక్షల మధ్య జీతం, పిల్లలు లేరు, పొదుపు 14 లక్షలు దాటింది అన్నవారు డీటీవీ తీసుకుని అక్టోబరు, మార్చి మధ్య వెళ్లి రావచ్చు. ఐటీలో 21 లక్షలు దాటి, సంవత్సరం ఒకేచోట ఉండదలచినవారికి మలేషియా. నెలకు నాలుగు లక్షలకు తక్కువ కాకుండా వచ్చి, బడికి వెళ్లే పిల్లలతో వెళ్లేవారికి దుబాయ్. మూడు లక్షలను కొద్దిగా మాత్రమే దాటినవారు అర్హత ఉన్నా ఆగడమే మంచిది. అమెరికా క్లయింటుతో పని చేసే, అంతకంటే తక్కువ ఆదాయమున్న ఫ్రీలాన్సర్‌కు మారిషస్. సెలవు చాలక అక్కడి నుంచే పది, పదిహేను రోజులు పని చేయాల్సినవారు ఈ వీసాలేవీ తీసుకోనక్కర్లేదు. ఆ దేశం సందర్శకులను పని చేయనిస్తుందో లేదో చూసుకుని, కంపెనీ అనుమతి ఈమెయిల్‌ను ఫోన్‌లో భద్రపరచుకుని వెళితే సరిపోతుంది.